తోళ్ళ వ్యాపారం

ఈసారి రెండు పుస్తకాల గురించి రాయాలనుకున్నాను. రెండూ పాతవే. ఒకటి జర్మన్ వేదాంతి డీట్రిష్ బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన శిష్యత్వ గ్రంథం. రెండోది అంతకు 38 ఏళ్ళ ముందు, 1899లో, ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఒంగోలు ప్రాంతపు మాదిగల గురించి రాసిన 'వైల్ సూయింగ్ శాండల్స్'. తెలుగులో 'చెప్పులు కుడుతూ' అని చెప్పుకోవచ్చు. మొదటిది చాలా ఏళ్ళుగా నా అల్మరాలో ఉన్నదే, చదివినదే. రెండోది ఉందని తెలిసీ ఇంతకాలం తెరవలేదు. ఎందుకు తెరవలేదో ఈమధ్యనే ఒక భోజనాల బల్ల దగ్గర అర్థమైంది. ఆ సంగతి దాచిపెట్టి ఈ సమీక్ష రాస్తే అదొక రెండో అబద్ధం అవుతుంది గనక ముందు అదే చెబుతాను.

మా స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో తెలుగు కుటుంబాలు పెరిగాయి. వారానికొక గృహప్రవేశం, పుట్టినరోజు, లేదా ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు పరిచయ విందు. అలాంటి ఒక విందులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నారు. విశ్రాంత ప్రధానోపాధ్యాయులు, కొడుకు దగ్గరికి కొన్ని నెలలు ఉండటానికి వచ్చారు. చక్కని తెలుగు, చక్కని మనిషి.

"డాక్టరుగారూ, మీదే ఊరండీ?"

"ఒంగోలు దగ్గరండీ."

"నాన్నగారు?"

"మీలాగే, ఉపాధ్యాయులు."

"మంచి మాట. తాతగారిది వ్యవసాయమా?"

ఈ ప్రశ్న వెనక ఉన్న ప్రశ్నేమిటో తెలుగువారికి విప్పి చెప్పనక్కరలేదు.

"కాదండీ. తోళ్ళ వ్యాపారం."

"ఓహో, మద్రాసుకు ఎగుమతా?"

నేను నవ్వి, మరో గరిటె పులిహోర వడ్డించుకున్నాను.

మా తాత చెప్పులు కుట్టేవారు. ఆరె, రంపె, ఒక చెక్క దిమ్మె, నీళ్ళ మూకుడు. అదీ ఆయన వ్యాపారం. ఇంటి వెనక లంద ఉండేది. తంగేడు చెక్క వేసి తోలు ఊనబెట్టేవారు. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఆయన ఎగుమతి మా మాదిగపల్లె నుంచి రైతుల గుమ్మం దాకా మాత్రమే సాగింది.

తిరుగు ప్రయాణంలో కారు వెనక సీట్లోంచి మా అమ్మాయి, "నాన్నా, ముత్తాతకు బిజినెస్ ఉండేదని నాకెప్పుడూ చెప్పలేదే?" అంది. నా భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. ఇల్లు చేరేదాకా ఎవరమూ మాట్లాడలేదు.

దీనికంటే సిగ్గుపడవలసిన సంగతి మరొకటుంది. ఆ విందుకు ముందు శుక్రవారం మా ఇంట్లో జరిగిన తెలుగు ప్రార్థన కూటంలో నేనే వాక్యం చెప్పాను. లూకా సువార్త తొమ్మిదో అధ్యాయం, ఇరవై మూడో వచనం. తనను వెంబడించగోరేవాడు ఏం చేయాలో క్రీస్తు చెప్పిన చోటు. నలభై నిమిషాలు మాట్లాడాను. గ్రీకు మాటలు కూడా వాడాను.

ఆ వచనంలో రెండు మాటల దగ్గర కాసేపు ఆగాలి. మొదటిది మన తెలుగు బైబిలులోని 'ఉపేక్షించుకొను' అన్నది. రోజూ నా గదిలో తెలుగు పెద్దవాళ్ళతో నేను వాడే మాట ఇదే, తలకిందులుగా. షుగరును ఉపేక్షించకండి, కాలి పుండును ఉపేక్షించకండి అంటాను. మన భాషలో ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం, చూసీ చూడనట్లు పోనివ్వడం. కాబట్టి తన్ను తాను ఉపేక్షించుకోవడం అనగానే మనకు ఒంటిని మాడ్చుకోవడం, కోరిక చంపుకోవడం తోస్తుంది. నేనూ అలాగే అర్థం చేసుకున్నాను. ఏటా లెంటు నలభై రోజులూ కాఫీ మానేస్తాను. రెండు కిలోలు తగ్గుతాను, అందరిమీదా విసుక్కుంటాను. నిజం చెప్పాలంటే, ఆ నలభై రోజుల్లో నా గురించి నేను ఆలోచించుకున్నంతగా ఏడాదిలో ఇంకెప్పుడూ ఆలోచించుకోను.

గ్రీకులో ఉన్న మాట అది కాదు. అక్కడున్నది ఎరుగనని చెప్పడం, కాదనడం. ప్రధానయాజకుని ఇంటి ముంగిట చలిమంట దగ్గర పేతురు తన గురువును గురించి 'ఆయనెవరో నాకు తెలియదు' అన్నాడే, అక్కడ వాడింది కూడా ఈ ధాతువు నుంచి వచ్చిన మాటే. మన అనువాదకులు ఒకచోట ఉపేక్ష అనీ, మరోచోట ఎరుగననడం అనీ పెట్టారు. రెండూ ఒకే మాట అన్న స్ఫురణ అందువల్ల తెలుగు పాఠకుడికి కలగదు. బోన్‌హోఫర్ ఈ పోలికను పట్టుకున్నాడు. పేతురు క్రీస్తును గురించి అన్న మాటను శిష్యుడు తనను గురించి అనుకోవాలని ఆయన వివరణ. ఇదే ముక్కను శుక్రవారం నేను ఎంతో ఆర్భాటంగా చెప్పాను. ఆ మరుసటి రోజే, శనివారం రాత్రి, పులిహోర ముందు కూర్చుని ఆ క్రియాపదాన్ని మా తాతమీద ప్రయోగించాను.

రెండో మాట 'ప్రతిదినము'. ఇదే సందర్భాన్ని మత్తయి, మార్కు కూడా రాశారు గాని ఈ మాట వాళ్ళ దగ్గర లేదు. లూకా ఒక్కడిదే. వైద్యుడని పేరున్నవాడు గనక నాకు ఆయనమీద కొంత పక్షపాతం ఉంది. మందు ఎంత మంచిదైనా ఎన్నిపూటలు వేసుకోవాలో రాయకపోతే చీటీ పూర్తికాదని ఆయనకు తెలిసి ఉంటుందనుకుంటాను. సిలువ ఎత్తుకోవడం అనగానే ఒక్కసారి జరిగిపోయే గొప్ప త్యాగం కళ్ళముందు కదులుతుంది. ప్రతిదినము అనగానే అది చిన్నబోతుంది, విసుగు పుట్టిస్తుంది, తప్పించుకోవడానికి వీల్లేకుండా కూడా అవుతుంది.

ఇక పుస్తకాలు. బోన్‌హోఫర్ గురించి ఎక్కువ చెప్పను. చాలామంది చెప్పారు. ఫింకెన్‌వాల్డేలో ఆయన రహస్యంగా నడిపిన సెమినరీని గెస్టాపో మూసివేసిన 1937లోనే ఈ పుస్తకం వచ్చింది. 1939లో న్యూయార్క్ వెళ్ళి, క్షేమంగా అక్కడే ఉండిపోయే వీలుండీ, కొద్ది వారాలకే జర్మనీకి తిరిగి వెళ్ళాడు. 1945 ఏప్రిల్ 9న ఉరి తీశారు. విదేశంలో స్థిరపడిన నాలాంటివాడు ఆ తిరుగు ప్రయాణం గురించి చదువుతున్నప్పుడు పేజీని కాస్త త్వరగా తిప్పుతాడు. ఆయన చెప్పిన 'చవక కృప', అంటే ఏ మూల్యమూ చెల్లించకుండా పొందే క్షమాపణ, నా తరానికి బాగా సరిపోయే మాట. అయితే ఈసారి చదువుతుంటే ఇంతకుముందు ఎన్నడూ రాని సందేహం వచ్చింది. బోన్‌హోఫర్ తండ్రి బెర్లిన్‌లో మనోవైద్య ఆచార్యుడు. ఇంటినిండా పియానో, పుస్తకాలు, పరువు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు 'నన్ను నేనెరుగను' అంటే వదులుకోవడానికి చేతినిండా ఏదో ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ ఊరంతా ఏకమై 'నిన్ను మేమెరుగం' అని చెప్పిన మనిషికి ఈ వచనం ఏమని వినబడాలి?

ఆ ప్రశ్నతోనే రెండో పుస్తకం తెరిచాను.

ఎమ్మా విచిత్రమైన మనిషి. సామాజిక సువార్త ఉద్యమంలో పేరుపొందిన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు అక్క. బెర్న్ విశ్వవిద్యాలయంలో స్త్రీల హక్కుల రచయిత్రి మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేట్ పొందింది. మన దేశానికి మిషనరీగా వచ్చి, 1894లో ఒంగోలు మిషన్ నాయకుడు జాన్ ఎవరెట్ క్లౌను వివాహమాడింది. పుస్తకం ఉపశీర్షికలోనే తెలుగువారిని 'పరయా' తెగ అనడం తప్పు. అది తమిళ దేశపు మాట. అప్పటి దొరల పుస్తకాలన్నిటిలో ఉండే జాలి, పెద్దరికం ఇందులోనూ ఉన్నాయి. కొన్ని పుటల్లో అవి పంటికింద రాయిలా తగులుతాయి. కాని ఆమె ఒక పని చేసింది. ముసలి బోధకుల దగ్గర కూర్చుని విన్నది. మాతంగి కథ, అరుంధతి కథ, గురువుల కథలు, ఎవరెవరు ఎలా మతం మార్చుకున్నారన్న కథలు విని రాసింది. మా పల్లెల్లో వాళ్ళ మాటను అంత ఓపికగా విని అచ్చువేసిన వాళ్ళు అప్పటికి ఎంతమంది ఉన్నారు గనక?

ఆ కథల్లో యర్రగుంట్ల పేరయ్య కథ ముఖ్యం. మాదిగ, తోళ్ళ వ్యాపారి. (నిజమైన తోళ్ళ వ్యాపారి! ఈ ముక్క చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి.) క్రైస్తవుడు కాకముందే ఒక స్త్రీ గురువు దగ్గర యోగం అభ్యసించినవాడు. అంటే ఇంద్రియ నిగ్రహం, ధ్యానం, ఉపవాసం ఇవన్నీ ఓడ ఎక్కి వచ్చినవి కావు. వాటిని అడిగి తెలుసుకున్న మాదిగలు అంతకుముందే ఉన్నారు. పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది ఆ ఏడాది సెప్టెంబరులో. అంటే దొర రాకముందే శిష్యుడు సిద్ధంగా ఉన్నాడు.

చేరినవారికి పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ప్రసంగంలో చెబితే మూడూ అర నిమిషంలో అయిపోతాయి. వాటి ధర ఎంతో క్లౌ ఆత్మకథలో ఉంది. ఆయన 1910లో చనిపోయాక, 1914లో ఎమ్మా ప్రచురించిన పుస్తకమది. మూడో నియమం వల్ల ఊరి జాతరలో డప్పు కొట్టడం మానేశారు. ఊరు ఊరుకుంటుందా? చాకలి బట్టలు ఉతకనన్నాడు. కుమ్మరి కుండలు అమ్మనన్నాడు. పశువులను బీడులోంచి తోలేశారు. చెప్పులు, పశువుల సరంజామా కుట్టే పని ఆపేశారు. కోతలకు పిలవలేదు. కోతలకు పిలవకపోతే మేర రాదు. మేర రాకపోతే ఏడాదంతా గింజలు లేవు.

చచ్చిన గొడ్డు సంగతి ఇంకా కఠినం. ఊళ్ళో చచ్చిన పశువును ఈడ్చుకుపోవడం మాదిగ విధి, దాని మాంసం ఆ విధికి కూలి. ఆ మాంసం తిన్నందుకే అంటరానివాడన్నారు, తినక తప్పని స్థితిలో ఉంచిందీ వాళ్ళే. ఇప్పుడు అతను తిననన్నాడు. ఆకలితో ఉండి, ఎదురుగా తిండి ఉండి, తిననన్నాడు. దీన్ని నా కాఫీ మానడం పక్కన పెట్టి చూస్తే నవ్వు కూడా రావడం లేదు.

ఒంగోలు మిషన్ చరిత్రలో అందరూ చెప్పుకునే రోజు 1878 జూలై 3. గుండ్లకమ్మ నదిలో ఒకేరోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దానికి ముందు భయంకరమైన కరవు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. కూటి కోసం మతం మారారన్న మాట పడకుండా, ఆ సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఆ అంకె మాకు కంఠతా ఉండేది, నాలుగు రెండ్లు గనక తేలిక. నాకిప్పుడు జూలై 4 గురించి తెలుసుకోవాలని ఉంది. నదిలోంచి తడిబట్టలతో ఇళ్ళకు వెళ్ళినవాళ్ళు ఆ మర్నాడు ఏం తిన్నారు, ఎవరి బావిలో నీళ్ళు తోడుకున్నారు? పుస్తకాలు జూలై 3 దగ్గర ఆగుతాయి. లూకా వాడిన మాట జూలై 4తో మొదలవుతుంది.

నా ప్రశ్నకు జవాబులాంటిది ఇక్కడ దొరికింది. పేరయ్య తరం వాళ్ళు కాదన్నది తమను కాదు. ఊరు వాళ్ళకు తగిలించిన మనిషిని. డప్పు కొట్టేవాడిని, గొడ్డు ఈడ్చేవాడిని, పిలిస్తే పలికేవాడిని 'వాడెవడో నేనెరుగను' అన్నారు. అలా అన్నరోజునే బహుశా మొదటిసారి 'నేను' అనగలిగారు. అందుకే ఊరికి అంత కోపం వచ్చింది. వాళ్ళు ఇంట్లో కూర్చుని ఉపవాసాలుంటే ఎవరికి పట్టింది?

ఇదే తూకం నాకు వేసుకుంటే లెక్క తిరగబడుతుంది. ఈ దేశంలో నాకు తగిలిన మనిషి వేరు. డాక్టరుగారు, చెరువు పక్కన ఇల్లు, చక్కని తెలుగు, ఊరు ఒంగోలు దగ్గర. ఇతన్ని కాపాడుకోవడానికి నేను రోజూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను. కాలేజీ రోజుల్లో జాషువా 'గబ్బిలం' పద్యాలు చదివి బహుమతి తెచ్చుకున్నాను. అరుంధతీసుతుని దుఃఖాన్ని అంత బాగా ఎలా పలికావని అడిగితే, సాహిత్యాభిమానం అన్నాను. మా అమ్మాయి బడిలో ప్రతి సమావేశమూ ఈ నేలకు మొదటి సొంతదారులైన జగెరా, యుగెరా, యుగరపుల్ ప్రజలను, వారి పెద్దలను స్మరించడంతో మొదలవుతుంది. ఆ వాక్యాన్ని నేనూ కొన్ని సభల్లో చదివాను, గంభీరంగా. ఎవరి తాతలనో అంత గౌరవంగా తలచుకోగలిగిన నోరు ఇది.

మా తాత ఆదివారం ఆరె ముట్టుకునేవారు కాదు. శనివారం దీపాలవేళకు పనిముట్లు గుడ్డలో చుట్టి అటకమీద పెట్టేవారు. ఒకసారి విత్తనాల అదనులో ఒక రైతు ఆదివారం పొద్దున్నే ఉంగటం తెగిన చెప్పు పట్టుకుని వచ్చాడట. తాత, రేపు కోడికూతకు ముందే కుట్టి ఇంటికి తెచ్చిస్తానన్నారు. రైతు అక్కడే చెప్పు విసిరేసి వెళ్ళాడు. ఆ ఇంటి మేర ఆ ఏడాది రాలేదు. తాత మాత్రం సోమవారం ఆ చెప్పు కుట్టి, వాళ్ళ అరుగు కింద పెట్టి వచ్చారట. నాన్న ఈ కథ చెప్పినప్పుడల్లా నాకు తాతమీద కోపం వచ్చేది. ఒక్క కుట్టు వేసి ఇస్తే పోయేదేముంది అనుకునేవాణ్ణి. ఇప్పటికీ ఆ ఆదివారపు నియమం అంత కఠినంగా ఉండాలా అంటే నా దగ్గర జవాబు లేదు. దాన్ని ఎవరు పెట్టారు, ఎవరు మోశారు అన్నది ఆలోచించవలసిందే. వాక్యం చెప్పేవాళ్ళు ఒకరు, పస్తు పడుకునేవాళ్ళు ఇంకొకరు కావడం మన సంఘాల్లో కొత్త కాదు.

మా అమ్మాయికి ఈ కథ చెప్పాను. లంద గురించి, మేర గురించి, డప్పు గురించి. "మరి ఆరోజు బిజినెస్ అని ఎందుకన్నావు?" అని అడిగింది. భయపడ్డాను అన్నాను. "ఆయనకా? ఆయన చాలా మంచాయన కదా?" అంది. అవును, మంచాయనే.

ఆ మంచాయన రోజూ పొద్దున్న మా చెరువు చుట్టూ నడుస్తారు. నేనూ నడుస్తాను. విందు తరవాత మూడు వారాలు ఆయన కుడివైపు నుంచి వస్తే నేను ఎడమవైపు దారి పట్టాను. చెరువు గుండ్రం గనక ఎక్కడో ఒకచోట ఎదురుపడక తప్పదు. అప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకునేవాణ్ణి. నాలుగో వారం ఒక పొద్దున్న ఫోను ఇంట్లో మరిచిపోయాను.

"మా తాత వ్యాపారి కాదండీ. ఆరోజు తప్పు చెప్పాను. చెప్పులు కుట్టేవారు. మేం మాదిగలం."

ఆయన ఆగారు. నీటి అంచున నీలిరంగు కోళ్ళు మేస్తున్నాయి. వాటిని కాసేపు చూశారు.

"మా ఊళ్ళో కూడా ఒకడుండేవాడండీ. మా నాన్నకు కిర్రు చెప్పులు వాడే కుట్టేవాడు. ఏం పనితనం! ఆ చప్పుడు వింటే నాన్న వస్తున్నాడని మేం పుస్తకాలు తీసేవాళ్ళం."

నాకు 'అండీ', అతనికి 'వాడు'. రెండూ ఒకే ఊపిరిలో. ఆయనకు తెలియనే తెలియదు. నేను అతని పేరేమిటని అడిగాను. ఆయన ఆలోచిస్తూ వంతెన దాకా నడిచారు. "నోటిమీదే ఉందండీ, రావడం లేదు" అన్నారు.

దీన్ని విజయగాథగా రాయడం లేదు. ఆ వారంలోనే మరో కొత్త తెలుగు కుటుంబం పరిచయమైంది. మీదే ఊరన్నారు, ఒంగోలు దగ్గరన్నాను, తాతగారన్నారు, నేను మాట మార్చి ఇక్కడి బళ్ళ గురించి చెప్పాను. ఇంటికి వచ్చాక నా భార్య ఏమీ అనలేదు. అనకపోవడమే అనడం.

ఎమ్మా పుస్తకం దొరికితే చదవండి. జాలి ఉన్నచోట్ల విసుక్కుంటూనే చదవండి. అందులో మనుషులకు పేర్లున్నాయి.

రెండు రోజుల తరవాత పెద్దాయన చెరువు దగ్గర దూరం నుంచే చెయ్యెత్తారు. దగ్గరికి వచ్చాక, "రాత్రి మా అక్కయ్యకు ఫోను చేసి అడిగానండీ, ఆ చెప్పులాయన పేరు" అన్నారు. ఆమెకు ఎనభై ఏడేళ్ళట, ఊళ్ళోనే ఉంటుందట, ఎవరి పెళ్ళి ఏ ఏడు జరిగిందో కూడా చెబుతుందట.

"అక్కయ్యకూ తెలియదటండీ" అన్నారు.